గేటు కార్డులు మార్చేముందు ఒక్క మాట

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల అధ్యక్ష, కార్యదర్శులకు, మేనేజింగ్ కమిటీ సభ్యులకు



కొండాపూర్, నల్లగండ్ల, మణికొండ, నిజాంపేట వైపు పదేళ్లు దాటిన ప్రాంగణం ఏది చూసినా గేటు దగ్గర ఇప్పుడు ఒకటే కథ. బిల్డరు పెట్టించి వెళ్లిపోయిన రీడర్లు ఎండకు వెలిసిపోయాయి. కొన్ని మూడుసార్లు కార్డు పెడితేగాని పలకవు. ఏదో ఒక టవరు లాబీలో రీడరుకు సెల్లోటేపు చుట్టి ఉంటుంది. "ఈసారి జనరల్ బాడీలో తేల్చేద్దాం" అంటారు ఎవరో. మేనేజరు మూడు కొటేషన్లు తెప్పిస్తాడు. మూడింటిలోనూ "హై సెక్యూరిటీ స్మార్ట్ కార్డ్" అని ఒక లైను, కింద జీఎస్టీతో కలిపి మొత్తం. తక్కువ ఎవరిదో చూసి సంతకం పెట్టేస్తారు.

ఆ సంతకానికి ముందే మీ చేతికి అందాలని ఈ ఉత్తరం. రీడర్లు, కంట్రోలర్లు, బూమ్ బ్యారియర్లు బిగించే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. ఇప్పుడు మీలాగే నెలనెలా మెయింటెనెన్స్ కట్టే ఫ్లాటు యజమానిని కూడా. కాబట్టి అమ్మేవాడి భాషా తెలుసు, కొనేవాడి బాధా తెలుసు. కార్డు మారినంత మాత్రాన గేటు మారదు. కార్డులో ఉన్న రహస్యాన్ని రీడరు నిజంగా అడుగుతోందా, ఆ రహస్యం ఎవరి చేతిలో ఉంది, ఈ రెండూ తేల్చుకోకుండా పెట్టే ఖర్చంతా ప్లాస్టిక్కు మీద పెట్టే ఖర్చే.

ముందు మీ కార్డు బయటికి తీయండి. దాని మీద పది అంకెల నంబరు, పక్కనే కామాతో ఇంకో నంబరు అచ్చు వేసి ఉందా? ఉదాహరణకు 0012345678 అని, పక్కన 188,24910 అని. ఉంటే అది దాదాపుగా 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే పాతరకం కార్డే. ఆ రెండూ వేరువేరు నంబర్లు కావు. 188ని 65536తో గుణించి 24910 కలిపి చూడండి, మొదటిదే వస్తుంది. నంబరు లేని తెల్లకార్డు అయితే వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. మధ్యలో రాగితీగ గుండ్రంగా, దట్టంగా చుట్టి కనిపిస్తే 125. అంచుల వెంబడి నాలుగైదు చుట్లే ఉంటే 13.56 మెగాహెర్ట్జ్. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోన్ రెండోదాన్ని గుర్తుపడుతుంది, మొదటిదాన్ని పట్టించుకోదు. ఈ పరీక్షకు కన్సల్టెంటు అక్కర్లేదు, కమిటీ మీటింగులో టీ వచ్చేలోపు అయిపోతుంది.

125 కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు నుంచి వచ్చే తరంగాలతోనే మేలుకుని, తన నంబరు చెప్పడం మొదలుపెడుతుంది. ఎవరు అడిగినా చెబుతుంది, ఎప్పుడు అడిగినా అదే చెబుతుంది. మన కాలేజీల్లో ప్రాక్సీ గుర్తుందిగా. లెక్చరరు తలెత్తకుండా రోల్ నంబరు పిలుస్తాడు, వెనక బెంచీలోంచి ఎవరో "ప్రెజెంట్ సార్" అంటారు, హాజరు పడిపోతుంది. మీ గేటు రీడరు సరిగ్గా ఆ లెక్చరరే. నంబరు వినబడిందా లేదా అన్నదే చూస్తుంది, పలికిందెవరో చూడదు. డూప్లికేట్ తాళాలు చేసే కుర్రాళ్ల పెట్టెల్లోకి ఇప్పుడు అరచేతిలో పట్టే కాపీ యంత్రం కూడా వచ్చింది. మీ కార్డు ఒకసారి దానికి ఆనిస్తారు, బీప్ అంటుంది, ఖాళీ ట్యాగు ఆనిస్తారు, ఇంకోసారి బీప్. అంతే. అద్దెకున్నవాళ్లు అదనపు కార్డుకు ఆఫీసు చుట్టూ తిరగలేక ఇలాగే చేయించుకుంటారు. వాళ్లను తప్పుపట్టేముందు మన ఆఫీసులో కొత్త కార్డు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో కనుక్కోండి.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇలాంటి గేట్లలో ఎక్కువ భాగం 26 బిట్ల పద్ధతిలో నడుస్తాయి. సైట్ కోడుకు 8 బిట్లు, అంటే 0 నుంచి 255. కార్డు నంబరుకు 16 బిట్లు, అంటే 0 నుంచి 65535. మిగిలిన రెండూ తప్పులు పట్టుకోవడానికి. కామాకు ఎడమవైపు ఉన్నది మొదటిది, కుడివైపున్నది రెండోది. అంటే గేటుకు కావలసింది మొత్తం కార్డు మీద అచ్చేసి, మెడలో వేలాడేసుకుని తిరుగుతున్నామన్నమాట. వాట్సాప్ గ్రూపులో "ఈ కార్డు పార్కులో దొరికింది, ఎవరిది?" అని ఫోటో పెట్టే మంచి మనసులు ప్రతి కమ్యూనిటీలోనూ ఉంటాయి. ఇకనుంచి నంబరు మీద వేలు పెట్టి ఫోటో తీయమనండి.

ఇక వెండర్లు చెప్పే "స్మార్ట్ కార్డు" దగ్గరికి వద్దాం. ఎక్కువ కొటేషన్లలో ఆ పేరుతో వచ్చేది మైఫేర్ క్లాసిక్, లేదా దానితో సరిపోయే చవక చిప్పు. 13.56 మీద పనిచేస్తుంది, లోపల తాళం కూడా ఉంటుంది. ఆ తాళం చరిత్ర మీ కమిటీకి తెలియాలి. 1994లో వచ్చిన ఈ చిప్పులో క్రిప్టో-1 అనే పద్ధతి వాడారు. కీ పొడవు 48 బిట్లు. అది ఎలా పనిచేస్తుందో తయారీదారు ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోవడమే రక్షణ అనుకున్నారు. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ అనే ఇద్దరు చిప్పును పొరలు పొరలుగా అరగదీసి, మైక్రోస్కోపు కింద సర్క్యూటు చదివి, గుట్టు చాలావరకు బయటపెట్టారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పూర్తిగా ఛేదించారు. పరిశోధనాపత్రం అచ్చు కాకుండా ఆపమని తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకెక్కింది. 2008 జూలైలో ఆర్న్‌హెమ్ కోర్టు కుదరదంది. నష్టం జరిగితే అది లోపమున్న చిప్పును బజారులో పెట్టడం వల్లనే తప్ప, లోపాన్ని బయటపెట్టడం వల్ల కాదన్నది ఆ తీర్పు సారం. ఆ చిప్పు మీదే నడుస్తున్న లండన్ ఆయిస్టర్ టికెట్ కార్డును తర్వాత వేరే చిప్పుకు మార్చుకున్నారు.

2008లో బయటపడ్డ ఈ సంగతి మన కొటేషన్లలోకి ఇంకా రాలేదు. 2024 ఆగస్టులో ఇంకో ముచ్చట తేలింది. షాంఘైకి చెందిన ఫుడాన్ మైక్రోఎలక్ట్రానిక్స్ తయారుచేసే మైఫేర్ తరహా చిప్పుల్లో దొడ్డిదారి కీ ఉందని ఫ్రాన్స్‌లోని క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకుడు ఫిలిప్ ట్యువాన్ కనిపెట్టారు. పాత దాడులన్నిటికీ విరుగుడుగా తెచ్చామన్న 2020 నాటి మోడల్‌లో కూడా. కార్డు కాసేపు చేతికి చిక్కితే చాలు, అందులోని కీలన్నీ బయటికొస్తాయి. కాబట్టి కొటేషన్లో "మైఫేర్" అని మాత్రమే ఉంటే వెనక్కి పంపండి. ఏ మైఫేర్, ఏ తరం, ఎవరు తయారుచేసిన చిప్పు, ఇవన్నీ రాసి ఇవ్వమనండి.

అడగాల్సింది డెస్‌ఫైర్ అనే చిప్పులో ఈవీ2 తరం గాని, 2020లో వచ్చిన ఈవీ3 గాని. వీటిలో ఏఈఎస్-128 ఉంటుంది. బ్యాంకులు నమ్మే పద్ధతే, లోకమంతా చూసి పరీక్షించిన పద్ధతే. వీటికి పూర్వీకుడైన మొట్టమొదటి డెస్‌ఫైర్ చిప్పును 2011లో జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు ఛేదించారు. ఎక్కడో మిగిలిపోయిన పాత సరుకు అంటగట్టనివ్వకుండా తరం కూడా రాయించుకోండి. ధర పాత కార్డు కంటే కొన్ని రెట్లు ఎక్కువే. ఇందులో బేరం ఆడొద్దు, సంఖ్యలో ఆడండి.

అసలు మోసపోయేది మాత్రం ఇక్కడ కాదు, ఆ తర్వాతి మెట్టులో.

ఈ కార్డుల్లో రెండు విషయాలుంటాయి. ఒకటి చిప్పు సీరియల్ నంబరు, దాన్ని యూఐడీ అంటారు. అది బహిరంగం, ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోన్ అయినా చదవగలదు. రెండోది లోపలి ఫైల్లో, కీ వెనకాల దాచిన గుర్తింపు. రీడరు కార్డుకు ఒక సవాలు విసిరి, కార్డు తన కీతో దానికి సరైన జవాబు ఇచ్చాకే ఆ గుర్తింపు బయటికి రావాలి. ప్రతిసారీ సవాలు మారుతుంది కాబట్టి నిన్నటి జవాబు రికార్డు చేసుకుని ఇవాళ వినిపిస్తే చెల్లదు. దీనికే మనం ఎక్కువ డబ్బు కడుతున్నది. కానీ బిగించేవాడికి ఇదంతా సెట్ చేయడం పని. కీలు రాయాలి, ప్రతి కార్డునూ ఎన్‌కోడ్ చేయాలి, ప్రతి రీడరుకూ కాన్ఫిగరేషన్ ఇవ్వాలి. యూఐడీ చదివేలా వదిలేస్తే ఇవేవీ అక్కర్లేదు, సాయంత్రానికల్లా గేటు తెరుచుకుంటుంది, బిల్లు పాసవుతుంది. పైకి ఏ తేడా తెలియదు. పచ్చలైటు అదే, బీప్ అదే. లెక్చరరు ఇప్పుడూ రోల్ నంబరే పిలుస్తున్నాడు, స్టూడెంటు జేబులో మాత్రం ఖరీదైన ఐడీ కార్డుంది. యూఐడీని మనకు కావలసినట్టు రాసుకునే ఖాళీ కార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డెస్‌ఫైర్ కొని యూఐడీతో నడిపే ప్రాంగణాలు నేను చాలా చూశాను. వృత్తిధర్మం కాబట్టి పేర్లు చెప్పను.

కీల సంగతి ఇంకా ముఖ్యం, దీని గురించి ఏ మీటింగులోనూ ఎవరూ అడగరు. ఏఈఎస్ కీ అంటే 128 బిట్లు, కాగితం మీద రాస్తే 32 అక్షరాలూ అంకెలూ. మీ ప్రాంగణం కార్డులన్నిటికీ తల్లివేరు అదే. అది వెండరు ల్యాప్‌టాప్‌లోనే ఉంటే ఏమవుతుంది? రేపు ఏఎంసీ రేటు నచ్చక ఇంకొకరిని పిలిస్తే, కొత్తవాడు ఒక్క కార్డు కూడా ఎన్‌కోడ్ చేయలేడు. రీడర్లు మీవే, కార్డులు మీవే, తాళం మాత్రం పాతాయనది. ఉన్నవన్నీ తీసి పారేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి, లేదా ఆయన చెప్పిన రేటు కట్టాలి. ఇంకో ప్రమాదం, అదే వెండరు తన కస్టమర్లందరికీ ఒకే కీ వాడేయడం. పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, బద్ధకం అలాగే ఉంటుంది. పెద్ద కంపెనీలకూ ఇది జరిగింది. ఐక్లాస్ అనే పేరున్న రీడర్ల మొదటితరంలో ప్రపంచమంతా ఒకే కీ వాడారు, 2010లో ఒక్క రీడరులోంచి దాన్ని లాగేశారు. మీ కీ మీకు మాత్రమే ఉండాలి. తయారుచేసే రోజు కమిటీ నుంచి ఇద్దరు కూర్చోండి, చెరో సగం రాసుకోండి, రెండు కవర్లలో సీలువేసి వేర్వేరు లాకర్లలో పెట్టండి. ఆ తల్లి కీ నుంచి ఒక్కో కార్డుకూ వేరే కీ పుట్టేలా సెట్ చేయమనండి, అప్పుడు ఒక కార్డు గుట్టు బయటపడ్డా మిగతావి భద్రం. వర్క్ ఆర్డరులో "కీలు సంఘం ఆస్తి" అని ఒక్క వాక్యం చేర్చితే చాలు. ఆ వాక్యానికి వెండరు నసిగితే, అతను ఎందుకు నసుగుతున్నాడో మీకు ఇప్పుడు తెలుసు.

తీగల గురించి ఎక్కువ చెప్పను. రీడరు నుంచి కంట్రోలరు దాకా వచ్చే వీగండ్ తీగల్లో నంబరు ఏ ముసుగూ లేకుండా వెళుతుంది. రీడరు మరలు విప్పితే ఆ తీగలు బయటపడతాయి. ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతి 2020లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాని సెక్యూర్ ఛానల్‌లో ఇదే ప్రయాణం ఎన్‌క్రిప్షన్‌తో సాగుతుంది, రీడరును ఎవరైనా ఊడదీస్తే కంట్రోలరుకు తెలుస్తుంది. రోడ్డు వైపున్న గేట్లకైనా అది పెట్టించండి, లోపలి క్లబ్‌హౌసుకు తర్వాత చూడొచ్చు.

కార్ల స్టిక్కర్ల మాట కూడా ఒక ముక్క. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ఆ ట్యాగులూ, ఫాస్టాగూ ఒక జాతివే. అందుకే కొన్నిచోట్ల ఫాస్టాగునే గేటుకు వాడుతున్నారు. గేటు దగ్గర డబ్బులు కట్ అవుతాయన్న భయం అక్కర్లేదు, రీడరు నంబరు చదువుతుంది, బ్యాంకుతో దానికి సంబంధం లేదు. కానీ ఆ నంబరు దాచినదీ కాదు. కారు ట్యాగుతో బూమ్ లేవాలి, అంతవరకే. లాబీ తలుపులు ఆ ట్యాగు మాట వినకూడదు.

ఇప్పుడు మార్పిడి. ఐదారు వందల ఫ్లాట్ల కార్డులు ఒక్కరోజులో మారవు. అందుకని పాతదీ కొత్తదీ రెండూ చదివే రీడర్లు ముందు పెట్టి, టవరు టవరుగా కొత్త కార్డులు ఇస్తారు. పద్ధతి మంచిదే. చిక్కల్లా దానికి ముగింపు లేకపోవడం. "ఇంకా కొందరు తీసుకోలేదండీ, అమెరికాలో ఉన్నారు" అని పాత రకాన్ని అలాగే వదిలేస్తారు. రీడరు పాత కార్డును ఒప్పుకున్నంతకాలం, కాపీ యంత్రం ఉన్నవాడికి మీ డెస్‌ఫైర్‌తో పనే లేదు, అతను 125 దారిలోనే వస్తాడు. కొత్త కార్డు పంపిణీ మొదలైన రోజే పాతవి చెల్లని తేదీ కూడా నోటీసు బోర్డు మీద, లిఫ్టుల్లో అంటించండి. అమెరికాలో ఉన్నవాళ్ల కార్డు ఆఫీసులో భద్రంగా ఉంటుంది, దిగిన రోజు తీసుకుంటారు.

ఆ సందులోనే లిస్టు కూడా కడిగేయండి. సాఫ్ట్‌వేర్‌లో యాక్టివ్‌గా ఉన్న కార్డులెన్నో ఒక్కసారి ప్రింటు తీయించండి. ఖాళీచేసి వెళ్లిన అద్దెవాళ్లవి, మానేసిన డ్రైవర్లవి, బిల్డరు మనుషులవి కూడా అందులో ఉంటాయి. అద్దె అగ్రిమెంట్లు మన దగ్గర పదకొండు నెలలకే రాసుకుంటాం కదా, అద్దెవాళ్ల కార్డు గడువు కూడా అంతే పెట్టండి. అగ్రిమెంటు పొడిగిస్తే కార్డూ పొడిగించండి. ఏ కార్డు ఎప్పుడు రద్దు చేయాలో సెక్యూరిటీ సూపర్‌వైజరు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

పనివాళ్ల మీద మాత్రం ఈ అప్‌గ్రేడ్ భారం పడనివ్వకండి. కొత్త కార్డు ఖరీదెక్కువని ఇళ్లల్లో పనిచేసేవాళ్ల దగ్గర డిపాజిట్ వసూలుచేసే తీర్మానాలు నేను విన్నాను. నాలుగిళ్లల్లో గిన్నెలు తోమే మనిషి నాలుగిళ్లకూ భద్రత కొనిపెట్టాలా? ఆ కార్డు అవసరం మనది, ఖర్చూ మనదే. రాకపోకల రికార్డు ఇంకో చిక్కు. ఫలానా అమ్మాయి పొద్దున ఎన్నింటికి లోపలికొచ్చిందో చూసి చెప్పమని ఆఫీసుకు ఫోన్ చేసే ఇళ్లు తక్కువేమీ లేవు. జీతంలో కోత పెట్టడానికి గేటు రికార్డు వాడే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం స్ఫూర్తి కూడా అదే, ఏ పనికని చెప్పి సమాచారం తీసుకున్నారో ఆ పనికే వాడాలి. రికార్డు ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరు చూడొచ్చు, కమిటీ రాసిపెట్టుకోవాలి.

ఈ సందర్భంలోనే వెండరు రెండో కాగితం తీస్తాడు. "కార్డులెందుకు సార్, ఫేస్ రికగ్నిషన్ పెట్టేద్దాం" అని. డెమో బాగుంటుంది, అధ్యక్షుల వారి ముఖం చూడగానే గేటు తెరుచుకుంటే ఎవరికి నచ్చదు! కానీ కార్డు పోతే ఇంకోటి ఇస్తాం, ముఖం వివరాలు లీకైతే ఇంకో ముఖం ఇవ్వలేం. పైగా అవి ఎక్కడో ఒక సర్వరులో ఉంటాయి, ఆ సర్వరు ఎవరిదో కొటేషన్లో ఉండదు. పిల్లలవి, ముసలివాళ్లవి, ఉద్యోగం పోతుందన్న భయంతో ఒప్పుకునే పనివాళ్లవి, అందరి ముఖాలూ అందులో చేరతాయి. నా సలహా అయితే వద్దు. ఫోన్‌తో తెరిచే పద్ధతి ఇష్టమున్నవాళ్లకు ఇవ్వొచ్చు, కార్డు మాత్రం అందరికీ ఉండాలి.

ఎంత మంచి కార్డు పెట్టినా, పక్కగేటు దగ్గర వాచ్‌మన్ తన కార్డును తాడుకు కట్టి గ్రిల్లుకు వేలాడదీస్తే చేయగలిగిందేమీ లేదు. అది అతని తప్పు కూడా కాదు. డెలివరీ వాళ్లు, పాలవాళ్లు, ఇస్త్రీ వాళ్లు వరసకట్టే ఏడు గంటలప్పుడు ఒక్కణ్ణి నిలబెట్టి, అందరికీ లేచి తెరవమంటే ఎవరైనా అదే చేస్తారు. రీడర్ల బడ్జెట్లో పొద్దుటిపూట మూడు గంటల పాటు నిలబడే ఇంకో మనిషి జీతం కూడా లెక్క వేయండి.

లాబీ తలుపులకు అయస్కాంత తాళాలు ఉంటే, ఫైర్ అలారం మోగగానే, కరెంటు పోయి బ్యాకప్ కూడా అయిపోగానే, అవి వాటంతటవే వదిలేయాలి. కొత్త కంట్రోలరు బిగించాక ఈ కనెక్షన్ మరిచిపోవడం మామూలు. అలారం మోగించి, మెట్ల తలుపు దగ్గర మీరే నిలబడి చూసుకోండి.

చివరి వాయిదా డబ్బు మాత్రం ఆపి పెట్టుకోండి. పని అప్పగించే రోజు వెండరును, కమిటీని, ఆసక్తి ఉన్న నలుగురు నివాసులను మెయిన్ గేటు దగ్గరికి పిలవండి. రద్దుచేసిన పాత కార్డు ఒకటి, కొత్త కార్డు యూఐడీని ఎక్కించిన ఖాళీ కార్డు ఒకటి, ఇంకే ప్రాంగణానిదో డెస్‌ఫైర్ కార్డు ఒకటి, మూడూ ప్రతి రీడరు మీదా పెట్టి చూడమనండి. ఒక్క గేటు తెరుచుకున్నా చెక్కు రాయకండి. ఈ పరీక్ష వర్క్ ఆర్డరులో ముందే రాస్తే సగంమంది వెండర్లు కొటేషన్ మార్చి ఇస్తారు. మిగిలినవాళ్లలో తక్కువ ఎవరిదో అప్పుడు చూడండి.

ఇట్లు,
గేట్లు బిగించే పనిలో ఉండి, ఒక గేటు లోపల కాపురముంటున్న మీ తోటి సభ్యుడు
నల్లగండ్ల